పెల్లెట్ స్టవ్ ఎన్నాళ్లకోసారి శుభ్రం చేస్తున్నారు?

తొలిచలి:
ఈ ఇంటితో పాటే పెల్లెట్ స్టవ్ కూడా, అంటే చెక్కపొట్టు గుళికలు (పెల్లెట్లు) కాల్చి ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి, మా చేతికొచ్చింది. మాన్యువల్ మాత్రం రాలేదు. మాకిదే మొదటి చలికాలం. రోజుకు ఒక 15 కిలోల బస్తా పడుతోంది. ఆదివారం ఆదివారం బూడిద ట్రే ఖాళీ చేసి, అద్దం తుడిచి, పనైపోయిందని అనుకుంటున్నాను. నెలన్నర పాటు హాయిగా మండింది. పది రోజులుగా మంట తీరు మారింది. ఇదివరకు పసుప్పచ్చగా, చురుగ్గా లేచేది. ఇప్పుడు ఎర్రగా, బద్ధకంగా ఊగుతోంది, కొసల్లో మసి కనిపిస్తోంది. అద్దం తుడిచిన మర్నాటికే నల్లబడుతోంది. నిన్న రాత్రి రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. తెల్లారి లేచేసరికి ఇల్లంతా చల్లగా అయిపోయింది.

రోజూ శుభ్రం చేయాలని మా ఆవిడ అంటుంది. ఏడాదికోసారి మనిషిని పిలిపిస్తే చాలని మా బావమరిది అంటాడు. ఇద్దరిలో ఒక్కరూ ఈ స్టవ్ తలుపు తెరిచిన పాపాన పోలేదు. ఎవరి మాట వినాలి?

పొట్టుబస్తా:
ఆవిడ మాటే వినండి. రెండు నిమిషాల పని. ఇంట్లో ప్రశాంతత అదనం.

బూడిదమ్మ:
తొమ్మిది చలికాలాలుగా ఈ చాకిరీ చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, మీ సలహాదారులిద్దరూ సగం సగం కరెక్టే. ఒక్కో భాగానికి ఒక్కో లెక్క ఉంది.

రోజూ చూడాల్సింది బర్న్ పాట్, అంటే పెల్లెట్లు పడి మండే ఆ చిన్న గిన్నె. దాని అడుగునా పక్కలా చిల్లులుంటాయి. మంటకు గాలి అందేది వాటిలోంచే. బూడిద కరిగి, మళ్లీ గట్టిపడి, చిట్టెంలా తయారై వాటిని మూసేస్తుంది. నేను పొద్దున్నే, స్టవ్ పూర్తిగా చల్లారి ఉండగా, పాత స్క్రూడ్రైవర్‌తో గీకుతాను. మొద్దుగా శబ్దం వస్తే ఇంకా చిట్టెం మిగిలినట్టు, ఖణేల్మంటే ఇనుము తగిలినట్టు. తర్వాత గిన్నెను పైకి తీసి దీపం వైపు పట్టుకుని చూడండి, ప్రతి చిల్లులోంచీ వెలుతురు రావాలి. రానిచోట మేకుతో పొడవడమే. తిరిగి పెట్టేటప్పుడు దాని కింద బూడిద నలుసు కూడా ఉండకూడదు. గిన్నె సరిగ్గా కూర్చోకపోతే గాలి చిల్లుల్లోంచి రాకుండా పక్కనుంచి జారుకుంటుంది.

మిగతా వాటికి తేదీలు పెట్టుకోకండి, బస్తాలు లెక్కపెట్టండి. నేను హాపర్ (పెల్లెట్లు పోసే డబ్బా) పక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తాను. నాలుగు గీతలకు ఒకసారి లోపలంతా బూడిద వాక్యూమ్‌తో లాగేస్తాను. నలభై గీతలకు లోపలి వెనక పలకలు ఊడదీస్తాను. ఇవి మా స్టవ్ లెక్కలు. మీ పెల్లెట్లను బట్టి మారతాయి.

ఎంత మారతాయంటే, పెల్లెట్ల నాణ్యతకు ఇచ్చే ఈఎన్‌ప్లస్ ముద్రలో ఏ1 గ్రేడుకు బూడిద 0.7 శాతం దాటకూడదు. అంటే బస్తాకు ఎక్కువలో ఎక్కువ 105 గ్రాములు. బెరడు కలిసిన రకాల్లో దానికి రెండింతలు వచ్చినా ఆశ్చర్యం లేదు. మీరీపాటికి 55 బస్తాలు కాల్చి ఉంటారు. మంచి రకమే అనుకున్నా ఐదారు కిలోల బూడిద దాకా రావచ్చు. ఆదివారాలు ట్రేలోంచి మీరు తీసింది మొత్తం అంత ఉందా? లేకపోతే మిగతాది ఎక్కడ కూర్చుందో వెతకండి. కొంత గొట్టంలోంచి బయటికి పోయుంటుంది. ఎక్కువ భాగం పలకల వెనకే ఉంటుందని నా అనుమానం.

ఒక హెచ్చరిక. మొదటి ఏడాది నేను ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరే పెట్టాను. ముందు నుంచి పీల్చిన బూడిదంతా వెనక నుంచి పొగమంచులా వచ్చింది. నాలుగు రోజులు పరదాలు దులుపుతూనే ఉన్నాను. అప్పటికీ నా అదృష్టం బాగుంది, నిప్పురవ్వ లోపలికి పోలేదు. పైకి చల్లారినట్టున్న బూడిదలో మర్నాటికి కూడా నిప్పు బతికే ఉంటుంది. బూడిద కోసమే తయారైన వాక్యూమ్ కొనుక్కోండి. తీసిన బూడిదను మూతున్న ఇనుప బకెట్‌లో పోసి, ఇంటి బయట, చెక్క తగలని చోట పెట్టండి.

సీజన్ చివర్లో మాత్రం పొగగొట్టం బయటి కొసకు ఆకులూదే మెషీన్ తగిలించి లోపలున్నదంతా లాగించేస్తాను. ఆ ఐదు నిమిషాల కోసం ఏడాదంతా ఎదురు చూస్తాను, నిజం చెబుతున్నా.

గొట్టంపని:
ఈ స్టవ్‌లు బాగుచేయడమే నా వృత్తి. పైన చెప్పిన వాటిలో చివరిదొక్కటే నాకు నచ్చలేదు. ఆకుల మెషీన్ పొడి బూడిదను లాగుతుంది గానీ, పొగ లాగే ఫ్యాన్ రెక్కలకు అంటుకున్న మసిని కదిలించదు. అది ఫ్యాన్ విప్పి బ్రష్‌తో గీకాల్సిందే. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా ఆ గాలికి రాజుకుంటుంది. కనీసం ఒక రోజు ఆపి ఉంచాకే ఆ పని చేయండి.

తొలిచలి గారూ, స్టవ్ ఆగిపోతోందంటే చాలావరకు కారణం ప్రెషర్ స్విచ్. పొగ బయటికి పోయే దారి మూసుకుంటే లోపల లాగుడు తగ్గుతుంది. అది పసిగట్టి స్విచ్ పెల్లెట్లు పడకుండా ఆపేస్తుంది. దాన్ని దాటేసి వైర్లు కలిపే తెలివైనవాళ్లను చూశాను, ఆ పని పొరపాటున కూడా చేయకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే పెట్టించుకోండి.

వరసగా ఇలా చేయండి. ప్లగ్ పీకండి. లోపలి వెనక పలకలు తీసి దులపండి. స్టవ్ వెనక గొట్టం మలుపు దగ్గర అడుగున ఒక మూత ఉంటుంది, కింద సంచి పట్టుకుని దాన్ని తిప్పి తీయండి. ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే సన్న రబ్బరు గొట్టాన్ని స్విచ్ నుంచి విడదీశాకే స్టవ్ వైపు ఊదండి. స్విచ్‌లోకి ఊదితే అదే పోతుంది. తలుపు మధ్యలో కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ తలుపు అంచున గాలి చొరకుండా ఉండే సీలు తాడు అరిగిపోయినట్టే.

చలి తగ్గాక ఆపేసేటప్పుడు బూడిద అలాగే వదిలేయకండి. తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. హాపర్ కూడా ఖాళీ చేయండి. హాపర్ నుంచి పెల్లెట్లను గిన్నెలోకి నెట్టే స్క్రూలో ఉండిపోయినవి చెమ్మకు ఉబ్బి బిగుసుకుపోతాయి. ప్రతి ఏడూ మొదటి చలికి నాకొచ్చే ఫోన్లలో సగం అవే.

తొలిచలి:
అందరికీ థ్యాంక్స్. నిన్న పొద్దున్నంతా దీంతోనే సరిపోయింది. కుడి పలక నాలుగు స్క్రూలు తీయగానే బూడిద దానంతటదే ఒళ్లోకి జారింది, సన్నగా, ముఖానికి రాసుకునే పౌడర్‌లా. ఎడమ పక్క దారి దాదాపు పూర్తిగా పూడిపోయింది. గొట్టం మూత తీస్తే మరో గుప్పెడు. మొత్తం తూచాను, 3 కిలోల 200 గ్రాములు. బర్న్ పాట్‌లో ఇరవై నాలుగు చిల్లులుంటే వెలుతురు వచ్చింది తొమ్మిదింట్లోంచి.

సాయంత్రం వెలిగిస్తే మంట మళ్లీ పసుప్పచ్చగా, చప్పుడు చేస్తూ లేచింది. రాత్రంతా ఆగలేదు. అద్దం మీద ఇప్పటికి పల్చటి బూడిద రంగు పొర తప్ప నలుపు లేదు. తలుపు కింది ఎడమ మూల మాత్రం కాగితం ఇట్టే జారిపోయింది, సీలు తాడు ఆర్డర్ పెట్టాను.

బకెట్ ఫొటో బావమరిదికి పంపాను. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. సుద్దముక్క మా ఆవిడే తెచ్చి చేతిలో పెట్టింది.