సిస్ప్లాటిన్ ఎక్కించినాక చెవుల్లో గుయ్యిమంటాంది, మందు వల్లనేనా?

కడప_చిన్నోడు:
అన్నా, మా నాయనకి గొంతు క్యాన్సరు, కర్నూల్లో సిస్ప్లాటిన్ కీమో ఇస్తాండారు. ఇప్పుడు రెండు చెవుల్లో గుయ్యిమంటాందంట, మాటలు వినపడతాయి గానీ థర్మామీటర్ బీప్‌మనేది వినపడ్డం లేదు, ఇంట్లో అందరూ వయసు వల్ల అంటాండారు. ఏం చేయల్ల?

తుంగభద్ర_గట్టు:
వయసని వదిలేయొద్దు తమ్ముడూ, సిస్ప్లాటిన్‌కి ఈ గుణం ఉంది. లోపలి చెవిలో నత్తగుల్ల మాదిరి కాక్లియా ఉంటాది, అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 వెంట్రుక కణాలు, ఈ మందు అక్కడే చానా కాలం నిలబడిపోయి వాటిని చంపుతాది, కీచుమనే సన్న గొంతు శబ్దాలు పట్టే కణాలు ముందు పోతాయి, బీప్ వినపడకపోయేది అందుకే. కోళ్ళకైతే ఆ కణాలు మళ్ళీ పుడతాయి, మనకి పుట్టవు. వచ్చే డోసు లోపలే డాక్టరుకి చెప్పి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. మీయంతట మీరు కీమో మాత్రం ఆపొద్దు.

అనంత_ఫార్మసీ:
ఇంకోటి, జ్వరానికని బయట యాడన్నా అమికాసిన్, జెంటామైసిన్ సూదులు వేయించొద్దు, అవీ ఆ కణాల్నే దెబ్బతీస్తాయి. వాపులకి ఫ్యూరోసెమైడ్ వాడుతుంటే అదీ చెప్పండి. ఆస్పిరిన్ ఎక్కువైనా గుయ్యిమంటాది గానీ ఆపితే మామూలుగా తగ్గిపోతాది.

కడప_చిన్నోడు:
సోడియం థయోసల్ఫేట్ ఇస్తే చెవులు కాపాడుతుందని చదివినా, నాయనకి అడగచ్చా?

తుంగభద్ర_గట్టు:
అడుగు, తప్పేం లేదు. కానీ 2022లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది పిల్లలకి, అదీ వేరే చోటికి పాకని గడ్డలకే, సిస్ప్లాటిన్ అయినాక 6 గంటలకి ఎక్కిస్తారు. పోయిన వినికిడిని అది తిరిగి తేదు. ముందు రేపే ఆ టెస్టు చేయించు.