మగ్గం గదిలో వెలుతురు సమస్య, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) నేసే ఒక పెద్దమ్మ మీద షార్ట్ ఫిల్మ్ తీయబోతున్నాం. షూటింగ్ మొదలయ్యేలోపు లొకేషన్లు చూసుకుంటూ, ఫోన్‌తోనే షాట్లు ప్రాక్టీస్ చేస్తున్నాం.

ఇబ్బందంతా మగ్గం గదిలోనే. ఇరుకు గది, ఒకటే కిటికీ. పొద్దున తొమ్మిది దాటితే ఎండ ఏటవాలుగా పడుగు (మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు) మీద పడుతుంది. అప్పుడు దారాలు ఒక్కొక్కటీ విడిగా మెరుస్తాయి, గాలిలో తేలే నూగు కూడా కనిపిస్తుంది. నాకు కావాల్సింది అదే! కానీ దారాలకు ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) పెడితే పెద్దమ్మ ముఖం నల్లబడుతోంది, ముఖానికి పెడితే కిటికీ తెల్లగా పేలిపోతోంది. వెలుతురు ముఖం మీదికి తిప్పడానికి కిటికీకి ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు పెడితే సరిపోతుందా, లేక కిటికీకి పల్చటి తెల్లబట్ట కట్టాలా? బట్ట కడితే ఆ ఎండ చారలే పోతాయేమోనని టెన్షన్. పెద్ద లైట్లు మాత్రం వద్దు, ఆమె పనికి అడ్డం. ట్యూబ్‌లైట్ వేస్తే వచ్చే మినుకు, షట్టర్ స్పీడు 1/50 సెకను పెట్టాక తగ్గింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా.

మగ్గం చప్పుడులో మాటలు వినపడటం లేదు. పని ఆపినప్పుడు విడిగా రికార్డు చేసుకోవడమే మేలా?

చివరి సీను ఖిలా వరంగల్ తోరణాల దగ్గర అనుకున్నాం. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి అనుమతి తప్పదు. చిన్న టీమ్‌తో అక్కడ తీసినవాళ్లుంటే, ఎంత ముందుగా దరఖాస్తు పెట్టారో చెప్పండి. అది కుదరకపోతే వడ్డేపల్లి చెరువు కట్ట చూస్తాం.