రుమటాయిడ్ (ఒక రకం కీళ్ళవాతం) అవునో కాదో తేలడం లేదు. ఇంకో డాక్టర్‌కి చూపించుకోవాలా?

తెల్లమబ్బు:
అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్ళు. కొన్ని నెలలుగా రెండు చేతుల్లోనూ వేళ్ళ మొదళ్ళ దగ్గర కణుపులు, మణికట్లు నొప్పి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి బిగించలేను. రక్తపరీక్షల్లో రుమటాయిడ్ కోసం చూసే రెండిట్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొంచెం ఎక్కువ, యాంటీ సీసీపీ నెగెటివ్; ఒళ్ళు తన మీద తనే తిరగబడే జబ్బుల కోసం చూసే ఏఎన్ఏ 1:80 దగ్గర (తక్కువ స్థాయిలో) పాజిటివ్. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చూపే పరీక్షల్లో ఈఎస్ఆర్ కాస్త పెరిగింది, సీఆర్పీ మామూలుగానే ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రుమటాలజిస్ట్ (కీళ్ళవాతాల డాక్టర్) గారు "రుమటాయిడ్ కావచ్చు, ఇప్పుడే ఖాయంగా చెప్పలేను" అంటూనే మెథోట్రెక్సేట్ (రోగనిరోధక శక్తిని అదుపుచేసే మందు) రాశారు. పేరే తేలని జబ్బుకి అంత మందు ఎందుకని ఒకటే టెన్షన్. ఇంకొకరికి చూపించుకోవాలని ఉంది కానీ ఈయనకి తెలిస్తే ఏమనుకుంటారోనని మొహమాటం. ఈ స్థితిలో ఉన్నవాళ్ళు, దాటినవాళ్ళు ఏం చేశారో చెప్పండి.

గోరింట:
తప్పకుండా వెళ్ళండి. నాకు మొదట "రక్తంలో కనబడని రుమటాయిడ్" అన్నారు, ఎందుకంటే నాకు ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీసీపీ రెండు పరీక్షలూ నెగెటివే. రెండో డాక్టర్ రిపోర్టులు పక్కన పెట్టి ముందు నా గోళ్ళు చూశారు. గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. తర్వాత తల, చెవుల వెనక, బొడ్డు చుట్టూ చూశారు. నేను చుండ్రు అనుకున్నది సోరియాసిస్ (చర్మం పొలుసులుగా రాలే జబ్బు) అట. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు, మా మేనత్తకి ఉంది. ఒక కాలి వేలు మొత్తం ఉబ్బి ఉండటం కూడా ఆ జబ్బు గుర్తేనట. అలా నాది సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళవాతం) అని తేలింది.

పేరు మారినా మొదటి మందు మారలేదు, అదే మెథోట్రెక్సేట్. తేడా తర్వాత తెలిసింది. అది సరిపోక ఇంజెక్షన్ల దాకా వెళ్ళినప్పుడు ఐఎల్-17ని (ఒంట్లో మంట పుట్టించే ఒక ప్రొటీన్‌ని) అడ్డుకునే రకం ఇచ్చారు. అది సోరియాటిక్‌కి పనిచేస్తుంది, రుమటాయిడ్‌కి వాడరు. పాత పేరుతోనే ఉండిపోయి ఉంటే ఆ మందు నా దాకా వచ్చేదే కాదు.

నడిచేదారి:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు. మీ రిపోర్టుల గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొంచెం పెరగడం ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేం. హెపటైటిస్ సి ఉన్నా, షోగ్రెన్ (కళ్ళు, నోరు ఎండిపోయే జబ్బు) ఉన్నా పెరుగుతుంది. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్ళలోనూ కనబడుతుంది. ఏఎన్ఏ 1:80 కూడా అంతే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో నూటికి పదిమందికి పైగా వస్తుంది. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే రుమటాయిడ్ వైపు గట్టిగా మొగ్గుతారు, కానీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన రుమటాయిడ్ కాదని కొట్టేయలేరు.

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. పదికి ఆరు వస్తే రుమటాయిడ్ కింద లెక్క. అందులో ఎక్కువ మార్కులు, అయిదు దాకా, కీళ్ళ లెక్కకే (ఎన్ని కీళ్ళు, ఏవి). ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీసీపీలకి కలిపి మూడు దాకా ఇస్తారు. బాధ మొదలై ఆరు వారాలు దాటి ఉంటే ఒకటి, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ పెరిగితే ఇంకొకటి. అయితే ఆ లెక్క మొదలుపెట్టడానికి ఒక షరతు ఉంది. కనీసం ఒక కీలులో నిజంగా వాపు ఉండాలి, ఆ వాపుకి వేరే జబ్బు కారణం కాకూడదు. మీరు నొప్పి గురించి రాశారు, బిగుసుకోవడం గురించి రాశారు. వాపు ఉందని మీ డాక్టర్ చెప్పారా? నన్నడిగితే రెండో డాక్టర్‌ని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. చేత్తో నొక్కి తెలియకపోతే అల్ట్రాసౌండ్‌లో డాప్లర్ (రక్తప్రవాహం చూపే పద్ధతి) పెట్టి చూస్తే కీలు పొరలో మంట ఉందో లేదో కనబడుతుంది. ఎక్స్‌రే మొదట్లో మామూలుగా ఉండటం సహజం.

పాతమిత్రుడు:
నొప్పులు మొదలవక ముందు జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా? చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి అచ్చం ఇలాగే ఉంటుంది. పార్వోవైరస్ కూడా కీళ్ళు పట్టేస్తుంది, చిన్నపిల్లల దగ్గర మెలిగేవాళ్ళకి ఎక్కువగా అంటుకుంటుంది, కానీ సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించండి.

తెల్లమబ్బు:
జ్వరం రాలేదండి. థైరాయిడ్ బాగానే ఉంది. గోళ్ళు ఇప్పుడే చూసుకున్నాను, గుంటలు లేవు. వాపు గురించి డాక్టర్ గారు ఏమన్నారో సరిగా గుర్తు లేదు, చీటీలో ఆ మాట లేదు. ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో గానీ చాలాకాలంగా కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుంది. రాత్రి నోరు ఎండిపోయి మెలకువ వస్తుంది.

నిమ్మళం:
సంబంధం ఉంది చెల్లెమ్మా! ఈ మాట డాక్టర్‌కి చెప్పారా? కీళ్ళ డాక్టర్‌కి కళ్ళ గురించి ఎందుకులే అని నేనూ ఊరుకునేదాన్నే, ఆవిడే అడిగి రాబట్టారు. నాది షోగ్రెన్. ఇందులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ రావడం మామూలే, ఏఎన్ఏ కూడా వస్తుంది. నాకు యాంటీ ఎస్ఎస్ఏ అనే రక్తపరీక్ష చేశారు, కంటి రెప్ప కింద సన్నటి కాగితం పట్టీ పెట్టి కన్నీళ్ళు ఎంత వస్తున్నాయో కొలిచారు. మీది అదేనని నేను అనడం లేదు. కానీ అడగకపోయినా చెప్పవలసినవి ఇవే: కళ్ళు, నోరు, చర్మం, నోటిపూత, జుట్టు రాలడం, చలికి వేళ్ళు తెల్లబడటం, పొద్దున నడుం పట్టేయడం. ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ గదిలో కూర్చున్నాక సగం మర్చిపోతాం.

వాపు వచ్చిన రోజున ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ రోజుకి చేతులు మామూలుగా కనబడితే ఆ ఫోటోయే చెబుతుంది.

దారిదీపం:
స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా? మా అమ్మ విషయంలో జరిగింది చెబుతాను. ఒక డాక్టర్ నొప్పి తగ్గడానికని స్టెరాయిడ్ బిళ్ళలు రాశారు, అవి స్టెరాయిడ్ అని కూడా మాకు చెప్పలేదు. ఆ తర్వాత చూసిన డాక్టర్‌కి అమ్మ కీళ్ళలో వాపే దొరకలేదు, ఈఎస్ఆర్ కూడా దిగిపోయింది. జబ్బే లేదేమో అనుకునేదాకా వచ్చింది. మందుల పట్టీలన్నీ ముందు పెడితే అప్పుడు ఆయనకి అర్థమైంది. అందుకే వాడిన ప్రతి మందు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడారో రాసి పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్ వాడుతూ ఉంటే మాత్రం పరీక్ష కోసమని మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

మొహమాటం గురించి ఒక మాట. మేము ఆ డాక్టర్‌కి దాచలేదు. "ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకుంటాం, మీరు చూసింది రాసిస్తారా" అని అడిగాం. రాసిచ్చారు. కోపం తెచ్చుకునే డాక్టర్ అయితే అప్పుడు వెళ్ళడానికి ఇంకో కారణం దొరికినట్టే.

మాగాణి:
మెథోట్రెక్సేట్ చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నా. పేరు తేలకముందే మందు మొదలుపెట్టడం తొందరపాటు కాదు. కీలు ఒకసారి అరిగిపోతే వెనక్కి రాదు, అందుకే జబ్బు ముదిరేలా ఉంటే మూడు నెలల లోపే మందు మొదలుపెట్టాలని యూరప్ రుమటాలజీ సంఘం సూచన. రెండో అభిప్రాయానికి వెళ్ళండి, కానీ దానికోసం నెలలు గడిపేయకండి.

మొదలుపెడితే అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు, కాబట్టి ఏ రోజో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్ తోడుగా ఇస్తారు. ముందు హెపటైటిస్ పరీక్షలు, తర్వాత రక్తకణాలు, లివర్ పరీక్షలు క్రమం తప్పకూడదు. గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పిల్లల కోసం చూస్తుంటే ముందే చెప్పి తీరాలి, గర్భంలో బిడ్డకి ఈ మందు హాని.

రెండో డాక్టర్ కూడా "తెలియదు" అనవచ్చు. నాకు అలాగే అన్నారు. దానికి అన్‌డిఫరెన్షియేటెడ్ ఆర్థరైటిస్ (ఏ రకమో ఇంకా తేలని కీళ్ళవాతం) అని పేరే ఉంది. కొందరికి దానంతట అదే తగ్గిపోతుంది, కొందరికి రుమటాయిడ్‌గా తేలుతుంది. ఇద్దరు డాక్టర్లూ అదే చెప్పాక నాకు మొదటాయన మీద నమ్మకం పెరిగింది.

తెల్లమబ్బు:
మా డాక్టర్ గారినే అడిగి ఉత్తరం తీసుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చాను. ఆవిడ ప్రతి కణుపూ నొక్కి చూశారు, అల్ట్రాసౌండ్ చేయించారు. రెండు మణికట్లలోనూ, మూడు కణుపుల్లోనూ వాపు, మంట ఉన్నాయట. కళ్ళ సంగతి చెప్పగానే ఎస్ఎస్ఏకి రక్తం పంపించారు. రుమటాయిడా, షోగ్రెనా అన్నది ఆ రిపోర్ట్, కంటి పరీక్ష చూశాక చెబుతానన్నారు. వాపు మాత్రం నిజం కాబట్టి మెథోట్రెక్సేట్ ఆలస్యం చేయవద్దన్నారు. రక్తపరీక్షలు బాగుంటే ఈ వారమే మొదలుపెడతాను. నిమ్మళం అక్కా, ఆ కంటి పరీక్షకి ముందు నేనేమైనా జాగ్రత్త పడాలా?

నిమ్మళం:
నన్ను కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకుండా రమ్మన్నారు, ఆ రోజు కంట్లో చుక్కలు కూడా వేసుకోవద్దన్నారు. మీరు వెళ్ళే చోట ఫోన్ చేసి అడగండి. కాస్త గుచ్చుకున్నట్టు ఉంటుంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. రిపోర్ట్ రాగానే ఇక్కడ చెప్పండి చెల్లెమ్మా.