మగ్దలేనే మరియ యేసు భార్యా? ఫ్రాన్స్‌లో ఆ వంశం ఉందన్న మాట నిజమా?

తెనాలి_తమ్ముడు:
అందరికీ నమస్కారం. దక్షిణ ఫ్రాన్స్‌లో రెన్-ల-షాతో అనే కొండ మీది ఊరి గురించి రెండు రోజులుగా చదువుతున్నాను, రాత్రి నిద్ర పట్టడం లేదు. 1885లో బెరాంజే సోనియేర్ అనే ఫాదర్ అక్కడికి వచ్చేసరికి చర్చి పాడుబడి ఉంది, ఆయన చేతిలో డబ్బు లేదు. కొన్నేళ్లలోనే చర్చి బాగు చేయించాడు, మేడ కట్టాడు, పుస్తకాలు పెట్టుకోవడానికి మగ్దలా పేరుతో ఒక బురుజు కూడా కట్టాడు. ఆ చర్చి కూడా యేసు వెంట నడిచిన మగ్దలేనే మరియ పేరు మీదే ఉంది. బలిపీఠం కింది స్తంభంలో పాత తోలు పత్రాలు దొరికాయట. యేసుకు, ఆమెకు పెళ్లయిందని, ఆమె బిడ్డతో పడవెక్కి ఫ్రాన్స్ చేరిందని, ఆ రక్తమే ఫ్రాన్స్‌ను పూర్వం ఏలిన మెరోవింజియన్ రాజుల్లో కలిసిందని, 1099 నుంచి సియోన్ సంఘం అనే రహస్య సంఘం ఆ రహస్యాన్ని కాపాడుతోందని అంటున్నారు. ఇందులో ఏమీ లేకపోతే 2006లో ఆ కథ మీద వచ్చిన ‘ద డావిన్సీ కోడ్’ సినిమాను మన రాష్ట్రంలో ఎందుకు ఆపారు? తెలిసినవాళ్లు చెప్పండి.

చరిత్ర_మాస్టారు:
తమ్ముడూ, ముందు సినిమా సంగతి. ప్రభుత్వం ఆపింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. గొడవలవుతాయని భయపడి ఆపారు. దాన్ని బట్టి కథ నిజమని అనుకోకూడదు.

ఇక ఫాదర్ డబ్బు. అది నిధి కాదు, పూజల డబ్బు. చనిపోయినవాళ్ల కోసం పూజ చేయిస్తే కానుక ఇవ్వడం క్యాథలిక్కుల్లో ఉంది. ఈయన పత్రికల్లో ప్రకటనలు వేయించి ఎక్కడెక్కడి నుంచో ఆ కానుకలు తెప్పించుకున్నాడు. రోజుకు ఒక పూజ చేసే మనిషి వేల పూజలకు డబ్బు తీసుకున్నాడు. కార్కసోన్ బిషప్ లెక్కలు అడిగితే సరిగ్గా చూపించలేకపోయాడు. 1911లో ఆయన్ని గురువు పనుల నుంచి తప్పించారు. 1917లో చనిపోయాడు. నిధి కథ పత్రికలకెక్కింది 1956లో. ఆయన మేడను కొని హోటల్ పెట్టిన నోయెల్ కోర్బు చెప్పాడు. ఆ మూల కొండ మీదికి జనం రావాలి కదా.

అదే 1956లో పియేర్ ప్లాంటార్ అనే ఆయన స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర సెయింట్ జూలియన్‌లో సియోన్ సంఘాన్ని రిజిస్టర్ చేయించాడు. ఆ సియోన్ యెరూషలేములోది కాదు, దగ్గర్లో ఉన్న ఒక కొండ పేరు. ఆ సంఘం పత్రికలో రాసింది తక్కువ అద్దె ఇళ్ల సమస్యల గురించి! తర్వాత ఈయన తనను మెరోవింజియన్ రాజు రెండో డాగోబెర్ట్ వారసుడిగా చెప్పుకోవడానికి పత్రాలు పుట్టించి, 1960ల్లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో పెట్టించాడు. తోలు పత్రాల నకళ్లు తయారుచేసింది ఆయన స్నేహితుడు ఫిలిప్ ద షెరిజే. 1993లో ఒక జడ్జి ప్రమాణం చేయించి అడిగితే, ఇదంతా తన కల్పనేనని ప్లాంటార్ ఒప్పుకున్నాడు. ఇంకొక మాట. యేసు రక్తం అన్నది ప్లాంటార్ కథలో అసలు లేదు. 1982లో ఇంగ్లీషు రచయితలు దాన్ని కలిపారు, ప్లాంటారే దాన్ని కాదన్నాడు.

డల్లాస్_రాజు:
అబద్ధమైతే ప్రపంచం మొత్తం ఎందుకు నమ్మింది మాస్టారూ? నిప్పు లేనిదే పొగ రాదు.

చరిత్ర_మాస్టారు:
పొగ ఎవరు పెట్టారో పేరు, ఊరు, సంవత్సరంతో సహా చెప్పాను కదండీ.

మరియమ్మ_మనవరాలు:
వందనాలు. ఫ్రాన్స్ కథ నాకు ముఖ్యం కాదు, మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ దాన్ని కొట్టేసి అసలు ప్రశ్న కూడా కొట్టేసినట్టు మాట్లాడుతున్నారు. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర రైతులకు ఒక జాడీలో పాత గ్రంథాలు దొరికాయి. వాటిలో బైబిల్లో లేని ఫిలిప్పు సువార్త ఒకటి. అది ప్లాంటార్ రాయలేదు. ఆ ప్రతి నాలుగో శతాబ్దం నాటిది. అందులో మగ్దలేనే మరియను యేసుకు ‘కొయినోనోస్’ అన్నారు, అంటే గ్రీకులో తోడు, భాగస్వామి. మలాకీ 2:14 గ్రీకు అనువాదంలో పెళ్లాడిన భార్యకు వాడింది కూడా ఈ మాటే. ఆయన ఆమెను తరచు ముద్దుపెట్టుకునేవాడని, శిష్యులు అడ్డు చెప్పారని కూడా ఉంది. దీనికేమంటారు?

చరిత్ర_మాస్టారు:
అమ్మా, మంచి ప్రశ్న. మలాకీలో ఉంది, నిజమే. లూకా 5:10 కూడా చూడండి. యాకోబు, యోహానులు సీమోనుకు ‘కొయినోనోయ్’. మన తెలుగు బైబిల్లో దాన్ని ‘పాలివారు’ అన్నారు. చేపల వేటలో పాలు ఉన్నవాళ్లు. ఫిలేమోను పత్రికలో పౌలు ‘నన్ను పాలివానిగా ఎంచితే’ అంటాడు, అక్కడా ఇదే మాట. వాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయా? ఇక ముద్దు గురించి. ఎక్కడ పెట్టుకున్నాడన్న చోట ఆ కాగితానికి చిల్లు ఉంది. ‘పెదవుల మీద’ అన్నది ఇప్పటివాళ్లు పూరించింది. ఆ గ్రంథంలో ముద్దంటే జ్ఞానం ఒకరి నుంచి ఒకరికి చేరడమేనని చాలామంది పండితులు అంటారు.

తెనాలి_తమ్ముడు:
‘యేసు వాళ్లతో అన్నాడు, నా భార్య’ అని రాసిన పపైరస్ ముక్క 2012లో హార్వర్డ్ ప్రొఫెసర్ బయటపెట్టారుగా?

చరిత్ర_మాస్టారు:
పెట్టారు. ఆ ముక్క ఇచ్చినవాడి చరిత్ర ఒక విలేఖరి తవ్వి తీశాక, 2016లో ఆ ప్రొఫెసరే అది దొంగదై ఉంటుందన్నారు. మళ్లీ దొంగ పత్రమే.

మరియమ్మ_మనవరాలు:
పాలివారు అన్న మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. మా వైపు పాలివాళ్లంటే వ్యాపారంలో వాటాదారులు కాదు, దాయాదులు. ఒక రక్తం వాళ్లు. చావుకు మైల పట్టేవాళ్లు. మీరు చెప్పిన మాటే మీకు ఎదురు తిరుగుతోంది.

చరిత్ర_మాస్టారు:
తెలుగు మాటకు మీ జిల్లాలో ఏ అర్థముందో దాన్ని బట్టి ఈజిప్టు గ్రంథం అర్థం తేలదమ్మా.

మరియమ్మ_మనవరాలు:
మరి తెలుగు బైబిల్‌ను సాక్ష్యానికి పిలిచింది ఎవరు?

చరిత్ర_మాస్టారు:
మాట మొత్తంగా ఎలా వాడారో చూపించడానికి పిలిచాను. భార్య అని చెప్పాలంటే గ్రీకులో ‘గునే’ అనే మామూలు మాట ఉంది. దాన్ని ఎందుకు రాయలేదు?

మరియమ్మ_మనవరాలు:
శిష్యురాలు అని మామూలు మాట కూడా ఉంది. అదీ రాయలేదు.

గుణదల_వాసి:
మగ్దల మరియమ్మ పండుగ జూలై 22. 2016 నుంచి మా క్యాథలిక్కుల్లో దాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచారు. ‘అపొస్తలులకు అపొస్తలురాలు’ అంటాం. పెళ్లి గురించి ఎవరూ మాట్లాడరు.

డల్లాస్_రాజు:
కాశ్మీరులో యేసు సమాధి ఉంది కదా, శ్రీనగర్‌లో? దాని సంగతీ చెప్పండి.

చరిత్ర_మాస్టారు:
అది వేరే కథ. అహ్మదీయ శాఖ పెట్టిన మీర్జా గులామ్ అహ్మద్ 1890ల్లో చెప్పిన వాదం. దయచేసి దాన్ని ఇందులోకి తేవద్దు.

అమ్మా, మీకు ఒక మాట. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9:5 చూడండి. భార్యను వెంట తీసుకువెళ్లే హక్కు తనకు లేదా అని అడుగుతూ మిగతా అపొస్తలుల్ని, ప్రభువు సహోదరుల్ని, కేఫాను, అంటే పేతురును చూపిస్తాడు. ప్రభువుకే భార్య ఉంటే ఆ ఒక్క ఉదాహరణ చాలేది. ఇన్ని చెప్పినా వదలడం లేదంటే మీకు కావలసింది నిజం కాదు, మీకు నచ్చిన కథ. చదువుకున్నవాళ్లే ఇలా ఉంటే దొంగ పత్రాలు చేసేవాళ్లకు కొదవేముంటుంది?

మరియమ్మ_మనవరాలు:
నాకు కావలసింది కథ అన్నారు కాబట్టి ఎందుకు కావాలో చెబుతాను. మా అమ్మమ్మ పేరు మరియమ్మ. ముప్పై ఏళ్లు దాటగానే తాతయ్య పోయాడు. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రిపూట లాంతరు పట్టుకుని వెళ్లి ప్రార్థన చేసేది. ఒక ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన జరుగుతుంటే, సాక్ష్యం చెబుతానని లేచింది. కూర్చోమన్నారు. ఆడవాళ్లు మౌనంగా ఉండాలన్న వచనం చదివి వినిపించారు. తర్వాత ప్రసంగంలో అయ్యగారు మగ్దలేనే మరియ గురించి చెబుతూ ‘ఏడు దయ్యాలు పట్టిన వేశ్య’ అన్నారు. అంటూ మా అమ్మమ్మ వైపు చూశారు. నేను ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను, నాకు పదేళ్లు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ముసుగు కూడా తీయకుండా, వేశ్య అన్న మాట బైబిల్లో ఎక్కడుందో చదివి చూపించమంది. ఆమెకు చదువు రాదు. నేను నాలుగు సువార్తలూ వెతికాను. దయ్యాలు ఉన్నాయి. ఆ మాట లేదు. మళ్లీ వెతకమంది. మళ్లీ లేదు. ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ సాక్ష్యం చెబుతానని లేవలేదు.

భార్య అంటే కనీసం ఎవరూ ఆమెను ఆ మాట అనరు. అందుకే నాకు ఆ చిల్లులో ఏముందో కావాలి మాస్టారూ.

తెనాలి_తమ్ముడు:
అక్కా, చాలా బాధగా ఉంది.

చరిత్ర_మాస్టారు:
అమ్మా, ఆ చివరి వాక్యం రాయకుండా ఉండాల్సింది. క్షమించండి.

నా కోపం మీ మీద కాదు. మా పెద్దన్నయ్య ఒక తాళపత్రం నమ్మి రెండెకరాల పొలం పోగొట్టుకున్నాడు. పాత గుడి వెనక నిధి ఉందని, పత్రంలో గుర్తులున్నాయని చెప్పారు. టీ డికాషన్‌లో నానబెట్టి పొగలో ఆరబెట్టిన కొత్త ఆకు అది. అదే పత్రాన్ని పక్క మండలంలో ఇంకొకరికి కూడా అమ్మారని తర్వాత తెలిసింది. అన్నయ్య చివరిదాకా పత్రం నిజమే, మనమే తప్పుగా చదివామనేవాడు. అప్పటి నుంచి పాత కాగితమంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

కానీ మీరు వెతికిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 591లో పోప్ గ్రెగొరీ రోములో ఒక ప్రసంగం చేశాడు. లూకా ఏడో అధ్యాయంలో పేరు లేని పాపాత్మురాలిని, బేతనియ మరియను, మగ్దలేనే మరియను ఒకే మనిషి అన్నాడు. ఏడు దయ్యాలంటే ఏడు పాపాలన్నాడు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు ఎప్పుడూ ఆ ముగ్గురినీ కలపలేదు. 1969లో రోము కూడా క్యాలెండర్ మార్చినప్పుడు విడదీసింది. కాబట్టి తప్పు తప్పేనని తేలింది. తేల్చడానికి పెళ్లి అవసరం పడలేదు. ఉన్న నాలుగు సువార్తలే చాలాయి. మీ అమ్మమ్మ పదేళ్ల పిల్లతో చేయించిన పని అదే.

మరియమ్మ_మనవరాలు:
తేలింది అంటున్నారు. ఎవరికి తేలింది? మాది క్యాథలిక్ సంఘం కాదు. 1969లో రోములో ఏం మార్చారో మా అయ్యగారికి తెలియదు, తెలిసినా ఆయనకు పట్టదు. పోయిన ఈస్టర్‌కు కూడా కొత్త అయ్యగారు అదే మాటన్నారు. ప్లాంటార్ అబద్ధం నలభై ఏళ్లలోపే కోర్టు దాకా వెళ్లి పడిపోయింది. గ్రెగొరీ మాట పద్నాలుగు వందల ఏళ్లు దాటినా మైకులో వినిపిస్తూనే ఉంది. మీరు ఒకదాన్ని దొంగ పత్రం అంటారు, రెండోదాన్ని తప్పు అంటారు. రెంటికీ సాక్ష్యం లేదు. రెంటికీ ఒకే పేరు ఎందుకు పెట్టరు?

చరిత్ర_మాస్టారు:
కావాలని చేసింది, పొరపాటున చేసింది ఒకటి కావు. ఆ తేడాను నేను వదులుకోలేను.

మరియమ్మ_మనవరాలు:
ఆ మాట ఎవరి మీద పడిందో వాళ్లకు తేడా లేదు. నేనూ దీన్ని వదులుకోలేను.

చరిత్ర_మాస్టారు:
సరే. అప్పుడు రహస్యం అవసరం లేని వంశం గురించి చెబుతాను. యేసు బంధువుల గురించి పాత రాతలు ఉన్నాయి. సహోదరుడు యాకోబు యెరూషలేము సంఘానికి పెద్ద. ఆయన్ను 62లో చంపారని యూదుల చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. తర్వాత క్లోపా కొడుకు సుమెయోను పెద్ద అయ్యాడు, ఆయనా బంధువే. యేసు ఇంకొక సహోదరుడు యూదా మనవలిద్దరిని రోము చక్రవర్తి డొమీషియన్ ముందు నిలబెట్టారని పాత క్రైస్తవ రచయిత హెగెసిప్పస్ రాసినదాన్ని సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ ఎత్తి రాశాడు. దావీదు వంశం వాళ్లన్న అనుమానంతో ఆస్తి ఎంతని అడిగారట. ఇద్దరికీ కలిపి 9000 దేనారాల విలువ చేసే 39 ప్లెత్రాల (పాత గ్రీకు కొలత) నేల, దాన్నే దున్నుకుని పన్ను కడుతున్నామని చెప్పి, కాయలు కాసిన అరచేతులు చూపించారట. చక్రవర్తి వదిలేశాడు. నాకు ఫ్రాన్స్ రాజులకంటే ఆ చేతులే ఎక్కువ నచ్చుతాయి.

గుణదల_వాసి:
ఇది నేనెప్పుడూ వినలేదు. ధన్యవాదాలు మాస్టారూ.

మరియమ్మ_మనవరాలు:
నాకూ ఆ చేతుల సంగతి నచ్చింది. ఇప్పుడే మార్కు 6:3 తీసి చూశాను. యాకోబు, యోసే, యూదా, సీమోను. నలుగురు అన్నదమ్ముల పేర్లు ఉన్నాయి. అక్కచెల్లెళ్లు ఉన్నారని ఉంది. ఒక్కరి పేరూ లేదు.

చరిత్ర_మాస్టారు:
అవునమ్మా. లేదు.

నరసరావుపేట_నాని:
ఇప్పుడే మొత్తం చదివాను. పాలివాళ్లంటే మా వైపు కూడా దాయాదులే. అక్క చెప్పింది కరెక్ట్.