అప్‌డేట్: హాస్టల్‌లో సెలవుల ముందు బేకింగ్

హాస్టల్ వంటగదిలో ఉన్నది ఒకే ఓవెన్, సెలవులకు ముందు అందరం కలిసి కుకీలు చేసే ఆనవాయితీ మొదలుపెట్టడం ఎలా అని అడిగాను కదా. పిండి ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టమన్న సలహా మమ్మల్ని గట్టెక్కించింది. వెన్న గట్టిపడటంతో 180 డిగ్రీల వేడిలోనూ నక్షత్రం ఆకారపు కుకీల మొనలు చెదరలేదు. ఒక ట్రే కాలుతుంటే ఒక జట్టు పిండి ఒత్తింది, మరో జట్టు చల్లారినవాటికి ఐసింగ్ పూసింది. వేడిగా ఉండగానే పూసేద్దామని తొందరపడేవారిని ఆపడమే పెద్ద పని! గోధుమ, పాలు, గుడ్లు, బాదం, జీడిపప్పు లాంటి గింజలలో ఏవేవి వాడామో ప్రతి డబ్బా మీదా రాశాం. గింజలు పడనివారి కుకీలు అన్నిటికంటే ముందే, శుభ్రంగా కడిగిన ట్రేలలో కానిచ్చాం. గిన్నెలు తోమడానికి మాత్రం ఎవరూ పేరివ్వలేదు. వచ్చే ఏడాది చీటీలు వేస్తాం. వచ్చే ఏడాది బేకింగ్‌కు వార్డెన్ అనుమతి అప్పుడే తీసేసుకున్నాం.