మా సెక్షన్‌కి చూపు లేని జూనియర్ అసిస్టెంట్ వస్తోంది. ఏ పని ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

ప్రశ్న (సెక్షన్ సూపరింటెండెంట్, కోస్తా జిల్లా కలెక్టరేట్)

వచ్చే వారం మా సెక్షన్‌లో ఒక అమ్మాయి జూనియర్ అసిస్టెంట్‌గా చేరుతోంది. బీకాం చదివి, పోటీ పరీక్ష రాసి వచ్చింది. పుట్టుకతోనే పూర్తిగా చూపు లేదు.

ఆర్డర్ వచ్చిన రోజు నుంచి సెక్షన్‌లో ఒకటే మాట. "పాపం, ఓ కుర్చీ వేద్దాం సర్, ఫోన్లు ఎత్తుకుంటూ కూర్చుంటుంది" అని. ఎవరూ చెడ్డ మనసుతో అనడం లేదు. అయినా నాకు మింగుడుపడటం లేదు. ముప్పై ఏళ్ల పైన సర్వీసు చేయాల్సిన పిల్ల. ఫోన్ల దగ్గరే కూర్చోబెడితే నోట్ ఫైల్ రాయడం ఎప్పుడు నేర్చుకుంటుంది? రేపు ప్రమోషన్ వచ్చాక ఆ సీటు ఎలా నడుపుతుంది?

మాది ఈ-ఆఫీసే, ఫైళ్లు కంప్యూటర్‌లోనే నడుస్తాయి. కానీ తపాల్లో, అంటే బయటి నుంచి వచ్చే కాగితాల్లో, చాలా వరకు చేతిరాతవే. సోమవారం గ్రీవెన్స్ అర్జీల సంగతి మీకు తెలిసిందే. సిస్టంలో ఏం వేయించాలి, ముందు ఏ పని ఇవ్వాలి? చూపు లేని ఉద్యోగులు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు చెప్పండి.

జవాబు (సీనియర్ అసిస్టెంట్, తెలంగాణ)

నమస్తే సర్. నాకూ చూపు లేదు. మీ ప్రశ్నని స్క్రీన్ రీడర్ చదివి వినిపించింది, ఈ జవాబు కూడా దానితోనే రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయికే ఫోన్ చేయండి. ఏ స్క్రీన్ రీడర్ వాడుతుంది, తెలుగు ఏ కీబోర్డుతో కొడుతుంది, బ్రెయిలీ వచ్చా, అడగండి. చాలామందిమి ఎన్‌వీడీఏ వాడతాం. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగూ చదువుతుంది. కాకపోతే ఆఫీసు కంప్యూటర్‌లో ఏది ఎక్కించాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ పాస్‌వర్డ్ కోసం వారాల తరబడి ఖాళీగా కూర్చున్నాను. ఆ ఖాళీ చూసి "ఈమెకి పని రాదు" అని ఒక పేరు పడిపోయింది. దాన్ని పోగొట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. దయచేసి ఆమె చేరే రోజుకి సిస్టం సిద్ధంగా ఉంచండి.

అసలు చిక్కు ఫాంటుతో వస్తుంది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ చాలా డ్రాఫ్టులు అనూలో కొడతారు. మీ కంటికి అది తెలుగే. ఫైల్ లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. స్క్రీన్ రీడర్ చదివేది ఆ కోడ్‌లనే. మీరు "తహశీల్దారు వారికి" అని చదువుకునే చోట నాకు అర్థం లేని గోల వినిపిస్తుంది. అదే ఉత్తరం, ఫైల్ లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లో ఉంటే గడగడా చదివేస్తుంది. మండలి, రామరాజ, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాత ఫైళ్లని మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒకరు సరిచూడాలి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. సెక్షన్ మొత్తాన్నీ యూనికోడ్‌కి మార్చండి సర్. పాత ఫైళ్లలో ఒక పేరో సర్వే నంబరో వెతకాలంటే మీ అందరికీ అదే సుఖం.

తర్వాత స్కాన్లు. కాగితాన్ని ఫొటోలా స్కాన్ చేసి ఈ-ఆఫీస్‌లో పెడితే అది మాకు ఖాళీ పేజీ. అచ్చు కాగితమైతే టెస్సెరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగుని టెక్స్ట్‌గా మారుస్తుంది, ఇంటర్నెట్ లేకుండా మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. అర్జీల్లో ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి బయటి వెబ్‌సైట్లలో ఎక్కించకండి. చేతిరాత దానికి కుదరదు. అందుకని కాగితం రాగానే ఇన్‌వార్డ్ (నమోదు) చేసేటప్పుడే సబ్జెక్ట్‌లో ఎవరు, ఏ ఊరు, ఏం అడుగుతున్నారు అని ఒకటి రెండు వాక్యాలు టైప్ చేయించండి. చాలా చోట్ల "అర్జీ సమర్పించుట గురించి" అని కొట్టి వదిలేస్తారు. దానివల్ల నాకే కాదు, ఫైల్ తెరిచే ఎవరికీ ఏమీ తెలియదు.

పని సంగతి. ఆర్టీఐ ఇవ్వండి. 30 రోజుల గడువు, సమాచారం తెప్పించుకోవడం, జవాబు డ్రాఫ్ట్ చేయడం, అన్నీ టైపింగుతో, ఫోన్లతో అయ్యేవే. నేను ఆఫీసు పని నేర్చుకున్నది ఆ సీటులోనే, ఎందుకంటే ఆర్టీఐ చూసేవాళ్లకి ప్రతి సెక్షన్‌లో ఏముందో తెలుస్తుంది. ఎక్సెల్‌లో వచ్చే రిపోర్టులు, కోర్టు కేసుల్లో మన తరఫున వేసే జవాబుల (కౌంటర్ల) గడువులు చూసుకునే పని కూడా ఇవ్వొచ్చు. తప్పు చేస్తే అందరికీ చెప్పినట్టే చెప్పండి, జాలిపడి మీరే దిద్దేసి పంపకండి.

నడిచే దారిలో ఫైళ్ల కట్టలు పెట్టనివ్వకండి. బీరువా జరిపితే చెప్పండి.

జవాబు (జూనియర్ అసిస్టెంట్, రెవెన్యూ)

మేడమ్, తప్పుగా అనుకోకండి. మా దగ్గర ఖాళీలు ఎక్కువ, ఒక్కొక్కరం రెండు సీట్లు చూస్తున్నాం. చేతిరాత కాగితాలు చదివి పెట్టే పని కూడా పక్కవాళ్ల మీదే పడుతుంది కదా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జవాబు (సీనియర్ అసిస్టెంట్, తెలంగాణ)

అనుకోవడానికేముంది, ఈ మాట బయటికి రావాలి. మా సెక్షన్‌లో నాకు చేతిరాత కాగితాలు చదివి పెట్టే అతని నెలవారీ రిపోర్టులు నేను చేస్తాను. మా సూపరింటెండెంట్ మేడమ్ దీన్ని నోటిమాటగా వదలకుండా వర్క్ డిస్ట్రిబ్యూషన్ ఆర్డర్‌లోనే పెట్టించారు. ఆమె బదిలీ అయ్యాక కూడా అదే నడుస్తోంది.

జవాబు (రిటైర్డ్ ఏవో - అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్)

సూపరింటెండెంట్ గారూ, హెడ్‌ఫోన్లో, మంచి స్కానరో కావాలని నోట్ పెట్టేటప్పుడు "ఉద్యోగిని కోరిక మేరకు" అని రాయకండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 20 ప్రకారం అని రాయండి. పనికి తగిన సౌకర్యాలు, అడ్డంకులు లేని వాతావరణం కల్పించడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత అని అందులో ఉంది. వైకల్యం ఉన్నంత మాత్రాన ప్రమోషన్ ఆపకూడదనీ ఉంది. అలాంటి సౌకర్యం నిరాకరించడం వివక్షే అవుతుందని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోట్‌లో ఇవి కనిపిస్తే ఫైల్ "బడ్జెట్ లేదు" అని తేలిగ్గా వెనక్కి రాదు. సెక్షన్ 23 ప్రకారం గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ ఉండాలి. మీ దగ్గర ఆ బాధ్యత ఎవరిదో కనుక్కోండి. చాలా ఆఫీసుల్లో ఆ పేరు కాగితం మీద కూడా ఉండదు.

ప్రశ్న వేసిన సూపరింటెండెంట్

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేశాను. ఎన్‌వీడీఏ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అని చెప్పింది. ఐటీ వాళ్లు రేపు వస్తున్నారు. అనూ మానేయడానికి ఇద్దరు ఒప్పుకున్నారు, మా సీనియర్ టైపిస్టు ఇంకా గింజుకుంటున్నారు, ఆయనతో మాట్లాడతాను. ఆర్టీఐ సీటు ఆమెకే ఇస్తున్నాను.

ఆమె నన్ను అడిగినవి వేరే. గేటు నుంచి సెక్షన్‌కి ఎన్ని మలుపులు, ఆడవాళ్ల టాయిలెట్ ఏ అంతస్తులో, ముఖం చూపించి వేసే హాజరు యాప్‌తో ఎలా అని. మొదటి రెండూ చేరే రోజున నేనే దగ్గరుండి చూపిస్తాను. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు (సీనియర్ అసిస్టెంట్, తెలంగాణ)

ఫోన్‌ని ముఖానికి ఎదురుగా చేయి చాచి పట్టుకోవడం అలవాటైతే చాలామందికి పడుతుంది. వెలుతురు మాత్రం ముఖం మీద ఉండాలి, కిటికీకి వీపు పెడితే పట్టదు. కొన్ని యాప్‌లు కళ్లు ఆర్పమంటాయి, కృత్రిమ కన్ను ఉన్నవాళ్లకి అది కుదరదు. పడకపోతే ఆమె జీతం కోత పడకుండా, రిజిస్టర్‌లో హాజరు తీసుకోవడానికి అనుమతి కోరుతూ ఇప్పుడే మీ ఏవో గారికి నోట్ పెట్టండి సర్. చేరాక పెడితే ఆ మధ్య రోజులన్నీ ఆబ్సెంట్ పడతాయి.