నీళ్ల మోటారు కోసం పెద్ద జనరేటర్ కొనాలా?

వాకిలిదీపం:
కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లతో పాటు 1 హెచ్‌పీ నీళ్ల మోటారు కూడా నడవాలన్నది మా ఉద్దేశం. అన్నిటి వాట్లూ కూడినా 2,000 దాటడం లేదు. అయినా అమ్మేవారు 7.5 కేవీఏ (కిలోవోల్ట్-ఆంపియర్, జనరేటర్ సామర్థ్యపు కొలత) డీజిల్ జనరేటర్ తీసుకోమంటున్నారు. అంత పెద్దది అవసరమేనా?

పాతమెకానిక్:
అవసరమే. నీళ్ల పంపుల్లో ఉండే ఇండక్షన్ మోటారును నేరుగా ఆన్ చేస్తే, నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు మొదటి క్షణాల్లోనే లాగుతుంది. పైగా 1 హెచ్‌పీ అంటే 746 వాట్లన్నది షాఫ్టు దగ్గరి లెక్క. లోపలి నష్టాలు కలుపుకుంటే అది తీసుకునే విద్యుత్తు ఒక కిలోవాట్ దాకా ఉంటుంది. జనరేటర్ చిన్నదైతే వోల్టేజీ పడిపోయి, మోటారు తిరగకుండా గుర్రుమంటూ ఉండిపోతుంది. అలా వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది.

తక్కువలోడు:
మోటారు లెక్క సరైనదే కానీ, దాని మీద తేల్చిన నిర్ణయంతో నేను ఏకీభవించను. 7.5 కేవీఏను 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో (కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా) గుణిస్తే 6 కిలోవాట్లు. రాత్రంతా ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, కొన్ని లైట్లు కలిపి 400 వాట్లు వాడతారనుకుందాం. అది ఏడు శాతం కూడా కాదు. డీజిల్ ఇంజన్‌ను 30 శాతం కన్నా తక్కువ లోడుతో గంటల తరబడి నడిపితే సిలిండర్ తగినంత వేడెక్కక, పూర్తిగా మండని ఇంధనం మసితో కలిసి పొగగొట్టంలోకి చేరుతుంది. ఇంజన్ చల్లారాక సైలెన్సర్ జాయింటును గుడ్డతో తుడిచి చూడండి, నల్లటి జిడ్డు అంటితే జరుగుతున్నది అదే. కొన్ని క్షణాల స్టార్టింగ్ కోసం అంత ఇంజన్‌ను రాత్రంతా తిప్పడం నాకు సమంజసంగా తోచదు.

పెట్రోలుతో నడిచే ఇన్వర్టర్ రకం జనరేటర్ లోడును బట్టి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి చప్పుడూ పెట్రోలు ఖర్చూ తగ్గుతాయి. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకొంటే మోటారును ఈ లెక్కలోంచి తీసేయవచ్చు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకొంటుంది కనుక దానికీ నిరంతర సరఫరా అక్కర్లేదు. మీ ఇంటికి అలాంటి 2 కేవీఏ జనరేటర్ చాలు.

పాతమెకానిక్:
కరెంటు రెండు రోజులు రాకపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆ ఇంటికి బోరు తప్ప వేరే ఆధారం ఉండకపోవచ్చు. తక్కువ లోడు బెడద నిజమే. నెలకోసారి అరగంట పాటు మోటారుతో సహా అన్నీ వేసి నడిపితే కొంత తగ్గుతుంది. మరి పెట్రోలు సంగతి ఏమిటి? కొన్ని నెలలు నిల్వ ఉంటే అది జిగురు కట్టి కార్బురేటర్ జెట్‌ను (ఇంధనం వచ్చే సన్నటి రంధ్రాన్ని) మూసేస్తుంది. అసలు అవసరమైన రాత్రి తాడు లాగి లాగి చేతులు పడిపోతాయి.

తక్కువలోడు:
ఇంధన వాల్వు మూసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి పక్కన పెడితే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. బోరు తప్ప గతిలేని ఇంటి విషయంలో మాత్రం మీ మాటే నెగ్గుతుంది.

తీగలపని:
ఏది కొన్నా ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని వీధి లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్) లేకుండా ఇంటి వైరింగ్‌కు కలపకండి. ప్లగ్గు ద్వారా ఎదురు పంపిన కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులుగా మారి, లైన్ ఆగిందనుకొని పనిచేస్తున్న మనిషి ప్రాణం తీయగలదు. జనరేటర్‌ను వరండాలోనో గ్యారేజీలోనో పెట్టవద్దు. తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలి వైపు ఉండేలా ఆరుబయట పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక పడకగదిలో దాని అలారం కూడా ఉండాలి.